ఇంజన్ బాగుంది సరే, మీ బరువు లాగుతుందా?

(విజయవాడ ఆటోనగర్‌లో లారీ యజమానులు, డ్రైవర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. రాత్రి ట్రిప్పు ముగించుకుని నిద్ర లేకుండా నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు కొందరున్నారని కళ్లు చూస్తేనే తెలుస్తోంది. అందుకని ఉపోద్ఘాతం పెట్టుకోను.

పాత లారీ బేరానికి వెళ్లినప్పుడు మనవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: "ఇంజన్ ఎలా ఉంది?" అమ్మేవాళ్లు చెప్పే జవాబూ ఒకటే: "కంప్లయింటే లేదండీ." ఆ జవాబు నిజమే కావచ్చు. నా అభ్యంతరం ప్రశ్న మీద. ఇంజన్ ఆరోగ్యంగా ఉందా అనేది ఒక సంగతి. మీరు వేయబోయే బరువును, మీరు వెళ్లబోయే దారిలో, మే నెల మధ్యాహ్నం అది లాగగలదా అనేది వేరే సంగతి. మొదటిది మెకానిక్ చెబుతాడు. రెండోది మీరే తేల్చుకోవాలి. బరువు ఎంతో, దారి ఎలాంటిదో మీకు తప్ప ఎవరికీ తెలియదు కదా. పార్సిల్ సర్వీసులో హాయిగా తిరిగిన ఇంజన్, ఏ రోగమూ లేని ఇంజన్, చీమకుర్తి గ్రానైట్ బ్లాకుల కిందకు వస్తే ఏడాది తిరగకుండా పనికి రావచ్చు. తప్పు ఇంజన్‌ది కాదు, ఎంపికది.

గ్రానైట్ అన్నాను కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. చీమకుర్తి నల్లరాయి ఘనమీటరు దాదాపు మూడు టన్నులు తూగుతుంది. మూడు మీటర్ల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు ఉన్న ఒక్క బ్లాకు ఇరవై టన్నులు. అలాంటివి రెండు ఎక్కించి కృష్ణపట్నం పోర్టుకు పంపుదామంటే, బండి సొంత బరువు కలుపుకుని ఆర్‌సీలో రాసిన గ్రాస్ వెయిట్‌లో ఇమడాలి. ఇంజన్ లెక్క మొదలయ్యేది ఆ గ్రాస్ వెయిట్ దగ్గర. సరుకు బరువు దగ్గర కాదు, మొత్తం బరువు దగ్గర.

బండి పేరులోనే సగం జాతకం ఉంటుంది. 2518, 3118, 4018, 4923, 5530 అని మనం రోజూ పిలుస్తుంటాం. మొదటి రెండు అంకెలు సుమారుగా మొత్తం బరువు, టన్నుల్లో. చివరి రెండు అంకెల పక్కన సున్నా పెడితే సుమారుగా హార్స్‌పవర్. ఇప్పుడు భాగించి చూడండి. 2518కి టన్నుకు ఏడు హార్స్‌పవర్ పైచిలుకు. 3118కి ఆరుకు కొంచెం తక్కువ. 4018కి నాలుగున్నర. 4923కి కూడా ఐదు లోపే. 5530కి ఐదున్నర. కాగితం, పెన్ను అక్కర్లేదు, టీ కొట్టు దగ్గర నిలబడి చేసుకోగలిగిన లెక్క ఇది. ఒకప్పుడు దేశమంతా తిరిగిన 4018 ట్రైలర్లో ఉన్నది 2518లో ఉన్నంత శక్తే. బరువు మాత్రం పదిహేను టన్నులు ఎక్కువ. ఇది తెలియకుండా "రెండూ ఒకటే ఇంజన్ కదా" అని కొనేవాళ్లను చూస్తుంటాను. ఒకటే ఇంజన్, నిజమే. చేసే చాకిరీ ఒకటి కాదు.

జర్మనీలో టన్నుకు కనీసం 5 కిలోవాట్లు ఉండాలని నిబంధనే పెట్టారు. అంటే 6.7 హార్స్‌పవర్. మన ట్రైలర్లలో చాలావరకు ఆ పరీక్షలో తప్పుతాయి. అయినా మన బండ్లు నడుస్తున్నాయి. ఎలా నడుస్తున్నాయో చెబుతాను, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది.

49 టన్నుల బండిని చదును రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో నడపాలంటే టైర్ల రాపిడికి, ఎదురుగాలి అడ్డుకు కలిపి ఇంజన్ దగ్గర సుమారు 130 హార్స్‌పవర్ చాలు. 4923లో 230 ఉంటుంది గానీ, 180 ఉన్న ఇంజన్ అనుకున్నా ఇంకా మిగులు ఉంటుంది. అందుకే విజయవాడ నుంచి ఏలూరు దాకా తోలి చూసి "బ్రహ్మాండంగా వెళ్తోంది" అంటారు. వెళ్లకేం! ఇప్పుడు అదే బండిని ఐదు శాతం ఎత్తు మీదకు తీసుకుపోదాం. వంద మీటర్లు ముందుకు పోతే ఐదు మీటర్లు పైకి లేచే రోడ్డు అన్నమాట. అక్కడ వాలు బండిని వెనక్కి లాగే బలం 24 వేల న్యూటన్లు. టైర్ల రాపిడితో కలిపి 28 వేలు. ఆ వాలు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోవాలన్నా చక్రాల దగ్గరే 208 హార్స్‌పవర్ కావాలి. ఇంజన్ బలాన్ని చక్రాలకు చేర్చే గేరుపెట్టెలో, ప్రొపెల్లర్ షాఫ్ట్‌లో, డిఫరెన్షియల్‌లో పన్నెండు శాతం పోతుందనుకుంటే ఇంజన్ 236 ఇవ్వాలి. 180 ఇచ్చే ఇంజన్‌తో బండి 15 కిలోమీటర్ల వేగానికి దిగిపోతుంది. పిస్టన్ రింగులు అరిగి, డీజిల్ చిమ్మే నాజిల్స్ పాడై, ఆ 180లో పదిహేను శాతం పోయిన ఇంజన్ అయితే 13.

"పదిహేనైతే ఏమిటి, పదమూడైతే ఏమిటి, మెల్లగా పోతాం" అనుకోవచ్చు. వేగం నాకూ ముఖ్యం కాదు. సమయం ముఖ్యం. ఎనిమిది కిలోమీటర్ల ఘాట్‌ను 15 వేగంతో ఎక్కడమంటే అరగంటకు పైగా యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కి ఉంచడం. ఎదురుగాలి ఉండదు, ఎందుకంటే వేగం లేదు. రేడియేటర్‌కు ఫ్యానే గతి. డీజిల్‌లో ఉన్న శక్తిలో సుమారు నాలుగో వంతు వేడిగా మారి నీళ్లలోకి పోతుంది. ఆ వేడిని అరగంట పాటు బయటకు తోయగలిగితే ఇంజన్ బతుకుతుంది, లేకపోతే సిలిండర్ల పైన సీలుగా ఉండే హెడ్ గ్యాస్కెట్ పోతుంది. చిత్తూరు దాటి బెంగళూరు వైపు మొగిలి ఘాట్ ఎక్కేవాళ్లకు, సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ వైపు పోయేవాళ్లకు ఇది నేను చెప్పక్కర్లేదు. అందుకని నా మాట ఇది: భారీ రవాణాకు ఇంజన్ చూస్తున్నప్పుడు ఎంత శక్తి ఉంది అన్నదానికంటే, ఉన్న శక్తిని ఎంతసేపు ఏకధాటిగా ఇవ్వగలదు అన్నదే చూడాలి. నేను చెప్పే పరీక్షలన్నీ దానికోసమే.

హార్స్‌పవర్ గురించి చెప్పి టార్క్ గురించి, అంటే ఇంజన్ తిప్పే బలం గురించి చెప్పకపోతే డ్రైవర్లు ఊరుకోరు. ఎత్తు మీద వేగం తగ్గేకొద్దీ ఇంజన్ తిరుగుడు (ఆర్‌పీఎం, అంటే నిమిషానికి చుట్లు) 2000 నుంచి 1500కు పడిపోతుంది. కొన్ని ఇంజన్లు అక్కడ పట్టు బిగిస్తాయి, కొన్ని చతికిలబడతాయి. కిలోవాట్లు కావాలంటే టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగించాలి. 1500 దగ్గర 650 న్యూటన్ మీటర్లు ఇచ్చే ఇంజన్ ఆ క్షణంలో మీకిచ్చేది 102 కిలోవాట్లు, అంటే 137 హార్స్‌పవర్ మాత్రమే. కాగితం మీద 180 ఉంది కదా అంటే, అది 2400, 2500 దగ్గర. కాబట్టి కంపెనీ కాగితంలో గరిష్ఠ టార్క్ ఏ ఆర్‌పీఎంలో మొదలై ఎక్కడిదాకా నిలబడుతుందో చూడండి. 1200 నుంచి 1700 దాకా సమంగా నిలబడే ఇంజన్ బరువు కింద మాటిమాటికీ గేరు మార్చే పని పెట్టదు. అది డ్రైవర్‌కూ సుఖం, క్లచ్ ప్లేటుకూ సుఖం.

ఇంజన్‌ను ఒంటరిగా చూడకూడదు. వెనక డిఫరెన్షియల్‌లో క్రౌన్ అనే పెద్ద పళ్లచక్రానికి 41 పళ్లు, పినియన్ అనే చిన్నదానికి 7 పళ్లు ఉంటే నిష్పత్తి 5.86. పినియన్‌కు 6 ఉంటే 6.83. అదే ఇంజన్, అదే గేరు, చక్రం దగ్గర బలం మాత్రం పదహారు శాతానికి పైగా తేడా. ప్లేటు మీద అంకెలు చెరిగిపోయి ఉంటే ఏం చేయాలి? బండిని న్యూట్రల్‌లో పెట్టి, మిగతా చక్రాలకు దిమ్మలు గట్టిగా వేసి, డిఫరెన్షియల్ ఉన్న వెనక ఇరుసుకు ఒక వైపు మాత్రమే జాకీ మీద లేపండి. లేచిన చక్రాన్ని చేత్తో సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో సుద్ద గీత పెట్టి లెక్కపెట్టండి. అదే నిష్పత్తి. రోడ్డు మీద వేగంగా పోయే సరుకు కోసం కట్టిన బండిని తెచ్చి క్వారీలో దింపితే ఇంజన్‌ను తిట్టుకుంటాం, లోపం ఇరుసులో ఉంటుంది.

ఇక బండి దగ్గరకు వెళ్దాం. ముందు కిలోమీటర్ల మీటరును నమ్మడం మానేయండి. తిప్పేశారా లేదా అన్నది అటుంచండి, తిప్పకపోయినా అది సగమే చెబుతుంది. హైవే మీద సగటున 40 వేగంతో మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇంజన్ 7,500 గంటలు పనిచేసింది. క్వారీలో సగటున 12 వేగంతో లక్ష కిలోమీటర్లు తిరిగిన టిప్పర్ ఇంజన్ 8,300 గంటలు దాటింది. అదీ దుమ్ములో. రెండో బండికి "లక్షే తిరిగింది" అని ధర ఎక్కువ చెబుతారు. కంప్యూటర్ ఉన్న ఇంజన్ అయితే స్కానర్ పెట్టించి గంటలు చూడండి. చాలా బండ్లలో ఐడ్లింగ్, అంటే బండి కదలకుండా ఇంజన్ మాత్రం తిరగడం, ఎన్ని గంటలో కూడా దొరుకుతుంది. ఆ స్కానర్ అద్దె గురించి వెనకాడేవాళ్లు ఒక్క ఇంజెక్టర్ ధర కనుక్కోండి, చాలు.

బండి చూడటానికి పొద్దున్నే, చెప్పకుండా వెళ్లండి. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందంటే ముందే ఒకసారి స్టార్ట్ చేసి ఉంచారని అర్థం. చల్లటి ఇంజన్ ఎన్ని తిరుగుళ్లకు అందుకుంది, తెల్లపొగ ఎంతసేపు వచ్చింది అన్నది కంప్రెషన్ గురించి, అంటే సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో చెబుతుంది. తెల్లపొగ కాసేపట్లో పోవాలి. వేడెక్కిన తరువాత కూడా వస్తుంటే, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే, అక్కడే ఆగిపోండి. నీలిపొగ అంటే ఆయిల్ కాలుతోంది. నల్లపొగ అంటే డీజిల్‌కు తగిన గాలి అందడం లేదు. పాత మెకానికల్ డీజిల్ పంపు, గాలిని నొక్కి పంపే టర్బో ఉన్న ఇంజన్‌లో యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్క క్షణం నల్లగా రావడం సహజం. అదే పనిగా వస్తే ఎయిర్ ఫిల్టర్, టర్బో, ఇంటర్‌కూలర్ గొట్టాలు, నాజిల్స్ ఆ వరుసలో చూడండి. తక్కువ ఖర్చుది ముందు.

వేడెక్కాక ఆయిల్ పోసే మూత తీసి చూడండి. పలచగా ఆవిరి రావడం ఫర్వాలేదు. బుస్సుబుస్సుమని తోసుకొస్తుంటే బ్యాక్ కంప్రెషన్, అంటే సిలిండర్‌లోని గ్యాసు పిస్టన్ పక్కనుంచి కిందకు జారుతోంది. రింగులో, బోరో, లేదా పగిలిన పిస్టనో. అయితే ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఖాళీ బండి ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి తక్కువ. మూత దగ్గర అంతా శాంతంగానే కనబడుతుంది. అసలు రంగు లోడు మీద బయటపడుతుంది. ఆయిల్ ఒత్తిడి కూడా అంతే. చల్లగా ఉన్నప్పుడు ఏ ఇంజన్ అయినా బాగానే చూపిస్తుంది. మన దగ్గర ఎక్కువగా కనిపించే 5.9 లీటర్ల కమిన్స్ ఇంజన్ సంగతి చెప్పాలంటే, బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో 10 పీఎస్‌ఐ, పూర్తి తిరుగుడు మీద 30 పీఎస్‌ఐ అన్నవి కనీస హద్దులు. దానికి దగ్గరలో ఉన్న ఇంజన్ కూరగాయలు మోయవచ్చు, ఇనుప కాయిల్స్ మోయకూడదు. డాష్‌బోర్డ్ ముల్లును నమ్మకుండా మెకానికల్ గేజి బిగించి చూడండి.

ఆ కమిన్స్ గురించే ఇంకో ముక్క. దానికి విడి లైనర్లు, అంటే పిస్టన్ ఆడే చోట వేసి మార్చుకోగల గొట్టాలు ఉండవు. బోరు నేరుగా బ్లాకులోనే. అంటే అరిగితే బోరు కొట్టించి ఓవర్‌సైజు పిస్టన్లు వేయాలి. అది ఒకటి రెండు సార్లకు మించి కుదరదు, ఆ పైన స్లీవులు దించుకోవాలి. కాబట్టి ఆ ఇంజన్ కొనేటప్పుడు "ఇంజన్ పని అయిందా?" అని అడిగి వదిలేయకండి. "ఏ సైజు పిస్టన్లు వేశారు?" అని అడగండి, బిల్లు చూపించమనండి. లైనర్లు ఉండే ఇంజన్లలో ఈ బాధ లేదు, కానీ నీళ్ల వైపు నుంచి లైనర్‌కు గుంటలు పడే రోగం ఉంది. కూలెంట్ పోయకుండా బోరుబావి నీళ్లు పోసిన బండ్లకు అది త్వరగా వస్తుంది. రేడియేటర్ మూత తీసి వేలు పెట్టండి, చల్లగా ఉన్నప్పుడు సుమా. తుప్పు రంగు బురద తగిలిందంటే ఆ యజమాని కూలెంట్ మీద మిగుల్చుకున్న డబ్బు మీరు కట్టబోతున్నారు.

మన దగ్గర ఇంకో దురలవాటు ఉంది. వేసవిలో వేడెక్కుతోందని థర్మోస్టాట్ వాల్వ్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వ్ తీసి పారేస్తారు. దానితో చలికాలంలో, ఖాళీ ట్రిప్పుల్లో ఇంజన్ చల్లగానే తిరుగుతుంది. డీజిల్ సరిగా కాలక గోడల మీద ఆయిల్‌ను కడిగేస్తుంది. రింగులు అరుగుతాయి. రోగం రేడియేటర్‌లో ఉంటే మందు థర్మోస్టాట్‌కు వేశారన్నమాట. పావుగంట నడిపినా ఉష్ణోగ్రత ముల్లు లేవడం లేదంటే వాల్వ్ లేదనే అనుకోండి. రేడియేటర్ మూత రబ్బరు కూడా చూడండి. మంచి మూత 15 పీఎస్‌ఐ ఒత్తిడి నిలబెడితే నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవు. వదులైతే నూరుకే మరుగుతాయి. పల్నాడు ఎండల్లో, నిండు లోడుతో, ఆ ఇరవై డిగ్రీలే తేడా.

ఇప్పుడు అసలు పరీక్ష. లోడు లేకుండా తోలి చూసిన బండిని భారీ రవాణాకు కొనకండి. అమ్మేవాళ్లు ఒప్పుకోరంటారు. ఎందుకు ఒప్పుకోరు? లోడు మీ ఖర్చుతో, డీజిల్ మీ ఖర్చుతో, వేబ్రిడ్జి రసీదు చేతిలో పెట్టుకుని చట్టం ఒప్పుకున్నంతే వేసి, పక్కన వాళ్ల డ్రైవర్‌నే కూర్చోబెట్టుకోండి. ఆ మాటకూ ఒప్పుకోకపోతే అదే మీకు జవాబు. వేయి కిలోలు అటూ ఇటూ అయినా ఫర్వాలేదనుకోవద్దు. 2019 సవరణ తరువాత ఓవర్‌లోడు జరిమానా 20 వేలతో మొదలై, పైన ప్రతి టన్నుకు మరో రెండు వేలు. మధ్యాహ్నం పూట పదిహేను ఇరవై నిమిషాలు ఆపకుండా ఎక్కే రోడ్డు చూసుకోండి. ఎత్తు మొదట్లో, చివర్లో ఉష్ణోగ్రత ఎంతో రాసుకోండి. ముల్లు పెరిగి ఒక చోట ఆగితే మంచిది. ఎక్కుతూ ఎక్కుతూనే పోతుంటే కొండ అయిపోయింది కాబట్టి ఇంజన్ బతికింది, అంతే. ఏ గేరులో ఎక్కిందో, ఆ గేరులో ఆర్‌పీఎం ఎక్కడ నిలబడిందో చూడండి. పైకి చేరాక ఇంజన్ వెంటనే ఆపకుండా ఐడ్లింగ్‌లో పెట్టి, దిగి, ఇంజన్ లోపలి ఆవిరి బయటకు వచ్చే బ్రీదర్ గొట్టం దగ్గర చూడండి. పొద్దున మూత దగ్గర శాంతంగా ఉన్నది ఇప్పుడు బుస కొడుతోందా?

దిగేటప్పుడు ఎగ్జాస్ట్ బ్రేకు, అంటే పొగ దారిని అడ్డుకుని ఇంజన్‌తోనే వేగం తగ్గించే బ్రేకు వేసి చూడటం మరవకండి. ఎక్కలేని బండి నష్టం తెస్తుంది, దిగడంలో పట్టు లేని బండి ప్రాణం తీస్తుంది. దాని మీద ఇంకో రోజు విడిగా మాట్లాడుకోవాలి.

లోడు పరీక్షలో బండి మరీ బాగా లాగినా అనుమానించండి, నవ్వకండి. పంపు సీలు తెంపి డీజిల్ పెంచిన బండ్లు, కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్పించిన బండ్లు చాలా ఉన్నాయి. పికప్ బ్రహ్మాండంగా ఉంటుంది. ఎగ్జాస్ట్ వేడి పెరిగి టర్బో, పిస్టన్ తలలు, వాల్వులు దాని ఖర్చు కడుతుంటాయి. 180 ఇంజన్‌ను 220 చేసి అమ్మినప్పుడు మీకు దక్కేది వాడేసిన ఇంజనే. పంపు సీలు ఉందో లేదో చూడటానికి టార్చిలైటు చాలు.

(సభలోంచి ఒకరు: "సార్, బీఎస్ ఫోర్, బీఎస్ సిక్స్ బండ్లు చవగ్గా వస్తున్నాయి. యాడ్‌బ్లూ గొడవ, ఫిల్టర్ గొడవ అని మావాళ్లు వద్దంటున్నారు. తీసుకోవచ్చా?")

మంచి ప్రశ్న అన్నా. పొగ కాలుష్యానికి హద్దులు పెట్టే నిబంధనల్లో దేశమంతా బీఎస్-4 వచ్చింది 2017 ఏప్రిల్‌లో, బీఎస్-6 వచ్చింది 2020 ఏప్రిల్‌లో. ఇప్పుడు సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌లో మంచి వయసున్న బండ్లన్నీ అవే. వద్దనుకుంటే ముసలి బండ్లే మిగులుతాయి. యాడ్‌బ్లూ అంటే పొగలో విషవాయువులు తగ్గించడానికి వాడే, మూడో వంతుకు దగ్గరగా యూరియా కలిపిన శుద్ధమైన నీరు. 32.5 శాతం. అది అయిపోతే, లేదా లోపం వస్తే, ఇంజన్ తనంతట తాను బలం తగ్గించుకునే ఏర్పాటు ఉంటుంది. కాబట్టి డాష్‌బోర్డ్ మీద హెచ్చరిక దీపం వెలుగుతుండగా లోడు పరీక్ష చేస్తే ఫలితానికి విలువ లేదు. దీపం వెలగకుండా, యాడ్‌బ్లూ ట్యాంకు మాత్రం ఎండి ఉంటే, ఎవరో కంప్యూటర్‌ను మభ్యపెట్టే మోసం డబ్బా బిగించారు. ఆ బండి ఫిట్‌నెస్ దగ్గర, పొగ పరీక్ష దగ్గర మీ మెడకు చుట్టుకుంటుంది.

బీఎస్-6లో ఎగ్జాస్ట్ ఫిల్టర్ గురించి భయం ఎక్కువ, అవగాహన తక్కువ. ఆ ఫిల్టర్‌లో పట్టే మసి ఎగ్జాస్ట్ బాగా వేడిగా ఉంటే తనంతట తానే కాలిపోతుంది. అంటే హైవే మీద నిండు లోడు లాగిన బండికి ఫిల్టర్ శుభ్రంగా ఉండే అవకాశమే ఎక్కువ. ఊళ్లో ఆగుతూ సాగుతూ, లోడింగ్ దగ్గర గంటల తరబడి ఐడ్లింగ్‌లో నిలబడిన బండికే అది పూడుకుపోతుంది. మీరు భారీ రవాణాకే కొంటున్నారు కాబట్టి ఆ ఫిల్టర్ మీకు శత్రువు కాదు. మసి కాలుతుంది కానీ, ఇంజన్ ఆయిల్ కాలితే మిగిలే బూడిద కాలదు. అది ఫిల్టర్‌లోనే పేరుకుంటుంది, విప్పి శుభ్రం చేయించాలి. అందుకని స్కానర్ పెట్టినప్పుడు ఫిల్టర్ ముందు, వెనక ఒత్తిడి తేడా ఎంతో, బండి తనంతట తాను ఎంత తరచుగా మసి కాల్చుకుంటోందో అడగండి. తరచుగా కాల్చుకుంటున్నా ఒత్తిడి తగ్గడం లేదంటే, నీలిపొగ కనబడనంత మాత్రాన ఆ ఇంజన్ ఆయిల్ తాగడం లేదనుకోవద్దు. ఆ పొగను ఫిల్టర్ దాచి ఉంచింది. ఆయిల్ ఎంత పోశారో ఆ యజమాని పుస్తకం అడిగి చూసి, అప్పుడు ధర మాట్లాడండి.